తిట్టని గడప

(తిరుపతి, 1983. గంగమ్మ జాతరలో బండవేషం రోజు. గుడి వెనక సందులో పాటగాడు ఎల్లప్ప ఒంటికి కుంకుమ పూసుకుంటున్నాడు. అతని ఎదురుగా రామచంద్ర నిలబడి ఉన్నాడు.)

"తిట్టరా ఎల్లప్పా! నీ కాళ్ళు పట్టుకుంటా. ఒగ మాటన్నా తిట్టు."

"అయ్యయ్యో, ఏం మాటలయ్యా ఇవి? మీరు పెద్దోళ్ళు. రికార్డు మీద ఫోటో పడినోళ్ళు. మిమ్మల్ని తిట్టేదానికి నాకు నోరెట్లొస్తాది?"

"ఎగతాళి చేస్తాండావా?"

"మర్యాద చేస్తాండా. కొంచెం జరగండి, తెల్లచొక్కాకు కుంకుమ అంటుకుంటాది."

"అంటనీ! పొద్దన్నే పూసుకున్నావంట కదా, మళ్ళా ఏంది ఈ పూత?"

"చెరిగిపాయ."

"నీకోసం ఊరంతా తిరగతాండా. మీ ఇంటికి పోతే మునిలక్ష్మి 'మా ఆయన యాడికో పోయినాడు' అని మొగం మీదనే తలుపేసింది."

"దానికి కోపమెక్కువలెండి. నాకు లేదు."

"లేదా? వేషం కట్టినోళ్ళు ఈది ఈదంతా బూతులు తిట్టుకుంటా వస్తారు. మా గడప కాడికొస్తానే డప్పు ఆపి, దండం పెట్టి, నోరెత్తకుండా దాటిపోతారు. ప్రతి ఏడూ ఇదే కత. ముందుండి పాడేది నువ్వు. నువ్వు చెప్పకుండానే ఆపతారా?"

"మొదటేడు మీరే కదయ్యా అరుగు మీద నిలబడి మీసం దువ్వినారు? 'సూడండ్రా, వేషగాళ్ళు గూడా నాకెంత మర్యాదిస్తారో' అని?"

"తెలీక మురిసిపోయినా అబ్బా! వేషంలో ఉన్నోడు తిడితే అది అమ్మ నోటి మాట, ఇంటి పీడ పోతాదని పసిపిల్లోడికి గూడా తెలుసు. నాకే బుద్ధి లేకపాయ. ఇప్పుడు ఈదిలో ఏమంటాండారో తెలుసా? 'ఆ ఇంటిని తిట్టేదానికి గూడా అమ్మకు మనసు రాలా' అంటాండారు."

"నిజమే కదా."

"ఒరే!"

"ఆ, ఇంగొంచెం గట్టిగా అనండి. జాతరలో మీ తిట్టు నాకు తగిలినా పుణ్యమే."

"నీతో పంతానికి రాలేదురా. మనవడికి అమ్మవారు పోసింది. ఒళ్ళంతా పొక్కులు. మా ఇంటామె శకుంతల వేపమండతో ఇసురుతా పక్కనే కూచోనుండాది. 'తిట్టు పడని ఇంట్లో పుట్టినాడు, అందుకే బిడ్డకీ గతి' అంటాది. నా మొగం గూడా సూడదు."

"పాపం, శకుంతలమ్మ."

"నీకు నామీద కసి. బిడ్డేం చేసినాడు?"

"నేనేం చేసినానయ్యా? చెయ్యి ఇరిగి పుత్తూరుకు కట్టు కట్టించుకునేదానికి పోయినా. కట్టు కట్టేటాయన ఎముక లాగతాంటే ఏడిస్తే సిగ్గని పాడినా. మీరు కాలు బెణికి పక్కనే కూచోనుంటిరి. 'ఏం గొంతురా ఇది, పేణం లాగేస్తాండాది' అని మీ పాటకచ్చేరికి పిలిస్తిరి. అంతే కదా నేను చేసింది?"

"తిండి పెట్టినా, మైకిచ్చినా..."

"ఇస్తిరి. పెండ్లిండ్లలో నేను ఎత్తుకుంటే ముసలోళ్ళు గూడా ఇస్తరాకు కాడ నుంచి లేసొచ్చి ఏడ్చేవాళ్ళు. మద్రాసుకు పిలుచుకోనిపోయి గంగమ్మ పాటలు పాడిస్తిరి. రికార్డొచ్చింది. గొంతు నాది. పేరెవరిది? పూలదండ వేసుకున్న ఫోటో ఎవరిది?"

"అదీ... ఆ కంపినీ వాళ్ళు..."

"గమ్మునుండండి! కంపినీ వాళ్ళకు మీ ఫోటో నేనిచ్చినానా?"

"నేను మాత్రం సుఖపడినానా? యాడికి పోయినా పాడమనేది. గొంతు బాగలేదని ఎండాకాలంలో గూడా మఫ్లరు చుట్టుకోని తిరిగినా."

"చుట్టుకోండి. మీకు మఫ్లరన్నా మిగిలింది. గుడి హార్నులో ఆ పాట వేసినారు, మా అమ్మ ఇనింది. ఇని నాతో ఏమనిందో తెలుసా? 'నాయనా, నువ్వు గూడా ఆ రామచంద్రయ్య మాదిరి పాడాలరా' అనింది."

"ఎల్లప్పా..."

"అది పాడింది నేనేమ్మా అంటే నవ్వింది. నమ్మకుండానే పోయింది."

"ఈ సంగతి నాకు తెలీదురా."

"నా పేరేదని అడిగినందుకు మీరు తరిమేసినాంక వేరే కచ్చేరిలో పాడినా. 'రామచంద్రను కాపీ కొడతాండాడు' అని సోడాసీసా ఇసిరినారు. నా గొంతుకు నేనే దొంగనైపోయినా! ఇప్పుడు అదే గొంతుతో నిమ్మకాయలమ్మా అని అరుసుకుంటా బండి తోస్తాండా. ఏడాదికి ఈ జాతరొకటే నాకు కచ్చేరి. దీంట్లో మీకు పాట లేదు."

"చెప్తాలేరా! గుడి ముందర మైకులో చెప్తా, ఆ పాట నీదని."

"ఏదీ, ఈడ చెప్పండి. నోరు తిరగతాదో లేదో సూస్తాం."

"ఆ పాట... పాడింది నువ్వే."

"నువ్వంటే ఎవరు? డప్పులోళ్ళు ఇంటాండారు, గట్టిగా."

"ఆ పాట పాడింది ఎల్లప్పే! గొంతు ఎల్లప్పది! దొంగను నేను! చాలా?"

"ఇంత చిన్న మాట. మా అమ్మ ఉన్నప్పుడు చెప్పుంటే మీ సొమ్మేం పోతాండె?"

"ఇప్పుడు చెప్పినా కదరా. లే, పోదాం. బిడ్డను తిట్టు, నన్ను తిట్టు, నీ కసి తీరేదాకా తిట్టు. రా!"

"రాను."

"ఒరే రాక్షసుడా! పాలు మరవని బిడ్డరా వాడు!"

"మీరు మా ఇంటి తలుపు కొడతాన్నప్పుడు నేను మీ ఇంట్లోనే ఉండానయ్యా. శకుంతలమ్మ కబురు పెట్టింది. పొక్కుల బిడ్డను ఒళ్ళో పెట్టుకోని నోరు నొప్పి పుట్టేదాకా తిట్టినా. 'మీ తాత బుద్ధి నీకు రాకుండా పోనీరా, ముండాకొడకా' అంటే కిలకిలా నవ్వినాడు. నా కుంకుమంతా వాడి ఒంటికే అంటుకునింది. శకుంతలమ్మను తిట్టినా, మీ కొడుకును తిట్టినా, కోడల్ని తిట్టినా, కొట్టంలో ఆవును గూడా వదల్లా."

"నాయనా! నా తండ్రీ! అయితే ఇంగ మిగిలింది నేనొక్కణ్ణే కదా. నన్ను గూడా ఒగ మాట..."

"మిమ్మల్నా? ఈ గొంతులో ఊపిరుండేదాకా మిమ్మల్ని 'అయ్యా' అనే పిలుస్తానయ్యా."