జుక్కల్ దిక్కుకెల్లి అచ్చిన నల్లపొట్టేలు

"బాపమ్మా, మొన్న బీరప్ప పండుగల అందరి గొర్లు తెల్లగ, ఎత్తుగ ఉన్నయి గదా. మనయే ఎందుకే గింత పొట్టిగ, నల్లగ ఉన్నయి? ఆడ పిలగాండ్లు నవ్విన్రు."

నవ్విన్రా? ఎవలు నవ్విన్రే సునీతా, పేర్లు జెప్పు. సెప్పవు, నాకెర్కే నువ్వు సెప్పవని. నవ్వెటోల్లకేమెర్క, నవ్వుడు అల్కటి పని. ఏంది, గా ఫోన్ల వెట్టుకుంటున్నవా? వెట్టుకో. నేను తిట్టేది గూడ వెట్టుకో. మీ కాలేజిల సార్లు ఇంటె ఇననీ, నాకేం భయం.

పొట్టియట, పొట్టియి! గవి పొట్టియి గాదు బిడ్డా, గీ నేలకు ఎంత గావాల్నో గంతున్నయి. గీ గుట్టలల్ల, గీ పరికి కంపలల్ల, ఎండకాలం సెరువు నెర్రెలు వడ్డప్పుడు గూడ తిరిగి బతికేటందుకు ఎంత ఒళ్లుండాల్నో గంతే ఉన్నది. ఎక్కువుంటె దానికి మేత ఏడికెల్లి తెస్తవు? నువ్వు తెస్తవా, నవ్విన పిలగాండ్లు తెస్తరా?

నేను గీ ఇంటికి కోడలుగ అచ్చినప్పుడు ఎల్లారెడ్డి పక్క గీ అడివి ఇంకా దగ్గెర ఉంటుండె. మా మామ, అంటె మీ తాతకు నాయిన, పెద్ద మంద ఉండె ఆయినకు. అన్నీ నల్లయే. ఊకో, అబద్ధమెందుకు, అన్నీ నల్లయి గాదు. బూడిద రంగుయి ఉండె, మొకం మీద తెల్లసుక్క ఉన్నయి ఉండె, చెవులు లేనట్టే సిన్నగున్నయి ఉండె. ఒక్క మందలనే ఎన్ని తీర్లు! ఇప్పుడు సూడు, ఏ ఊరికి వోయినా అన్నీ ఒక్క అచ్చుల గుద్దినట్టే.

మా మామకు పొట్టేలును ఏరుడు పెద్ద పని. పెండ్లిపిల్లను సూసినట్టు సూసేటోడు. ఎండకాలం ఆకు రాలినంక మందను గుట్టల పొంటి తిప్పేటోడు గదా, గప్పుడు ఏ గొర్రె పిల్లకు పాలు తప్పియ్యలేదో, ఏది ఎనుకవడలేదో, గది కండ్లల్ల వెట్టుకునేటోడు. దాని కడుపున పుట్టిన మొగపిల్లనే పొట్టేలుగ ఉంచేటోడు. కొమ్ములు ఎంత మంచిగ తిరిగినా సరే, తల్లి బలం లేనిదైతె ఒద్దనేటోడు. కరువచ్చిన ఏడు బలం లేనియి ఎట్లనన్న వోయేటియి, ఉన్నయాట్ల మల్ల మా మామ ఏరేటోడు. కరువు ఏరేది సగం, మా మామ ఏరేది సగం. వాల్ల నాయిన గట్లనే ఏరిండట, ఆయిన నాయిన గట్లనే. ఎన్ని తరాల సందో ఎవలకెర్క.

ఉన్ని కత్తిరించినంక మేం ఆడోల్లం వడికేది. మా అత్త వడుకుతానికి కూసున్నదంటె కడుపుకు ఇంత తినుడు గూడ యాది లేకుండె. గొంగడి నేసి చింతగింజల గంజి వెడితె, వాన సుక్క లోపటికి దిగకపోతుండె. రైతులచ్చి మా పొలంల మంద వెట్టుండ్రి, ఎరువైతదని బతిలాడుతుండ్రి. జొన్నలు కొలిచేటోల్లు మాకు. పచ్చజొన్న అని ఉండె సూడు, గట్క వండితె నేతి లెక్క జారుతుండె గొంతుల. గా జొన్నను గూడ పోగొట్టిన్రు ముండకొడుకులు. ఏమంటున్న నేను? ఆఁ, మా మామ.

మా మామ వోయినంక మంద మీ తాతకు, నా మరిది సాయిలుకు అచ్చింది. గప్పటికే ఉన్నిని అడిగేటోడు లేకుండవోయిండు. మిల్లు దుప్పట్లు అచ్చినయి, గొంగడి ఎవలు గప్పుకుంటరు? కత్తిరించిన ఉన్ని మూలకు వడి పురుగు వడుతుండె. గప్పుడు కామారెడ్డికెల్లి ఒక బేరగాడు అస్తుండె. కోతకు గొర్లు కొనేటోడు. వాడచ్చిన్నాడల్లా ఒక్కటే పాట. "సాయిలన్నా, గీ నల్లయాట్ల ఏమున్నది? బొచ్చు తప్ప బరువు లేదు. సముద్రం దిక్కు తెల్లపొట్టేళ్లుంటయి, నీ నడుమంత ఎత్తు. ఒక్కటి మందల ఇడ్సు, పిల్లలు ఎట్లుంటయో సూడు" అని.

నేను అడ్డం వడ్డ. "సాయిలూ, గది సముద్రం దిక్కు జీవి. ఆడి నేల వేరు, గీడి నేల వేరు. మన గుట్టలల్ల ఆగుతదా?" అన్న.

"వదినా, ఉన్ని తింటమా? బరువు తూకం ఏస్తరు గని బొచ్చు తూకం ఏస్తరా?" అన్నడు.

మీ తాత ఏమన్నడంటవా? ఏమనలే. ఆయినకు తమ్ముడంటె పానం. నోరు తెర్వలే.

నేను మా తల్లిగారింటికి వోయచ్చే వరకు గుంజకు మా నల్లపొట్టేలు లేదు! మా మామ చేతుల వెట్టి ఏరిన పొట్టేలు కొడుకు అది. సాయిలు దాన్ని బేరగాని బండెక్కిచ్చిండు. దాని జాగల తెల్లది నిలవడ్డది, నన్ను సూసి కొమ్ములూపుతున్నది. ఆ దినం నేను ఎంత ఒర్రిన్నో, వాడకట్టు వాడకట్టంత అచ్చింది. "మీ నాయిన ఎముకల మీద మన్ను ఆరలేదు గదరా, గింతల్నే అమ్ముకుంటివా" అన్న. సాయిలు తలకాయ వంచుకుని బయటికి వోయిండు. వాడు చెడ్డోడు గాదే బిడ్డా. నలుగురు తెల్లయి వెడుతున్నరు, మనం ఎనుకవడుతమేమో అని వాని భయం. గా భయం వెట్టినోనిది తప్పు.

నిజం చెప్పాలె గదా, మొదటి ఈత పిల్లలు మంచిగనే ఉండె. ఎత్తుగ, పొడుగు కాళ్లు. సాయిలు నన్ను పిలిచి సూపెట్టిండు. నేను గూడ, ఏమో, నేనే తప్పేమో అనుకున్న. మల్ల గా పిల్లలకు పుట్టిన పిల్లలకు ఒంటి మీద బొచ్చు పల్సవడ్డది. మల్లొక ఈతకు ఉన్ని అన్నదే లేదు, మేక తోలు లెక్క. దూరం నడవయి. కంప ఆకు ముట్టయి. పెసర పొట్టు తే, మక్క తే, మందు తే. మంద మమ్ముల సాదేది వోయి మేం మందను సాదుడయ్యింది.

గా ఏడు యాసంగి కోతలప్పుడు రాళ్లవాన వడ్డది. పగటీలి, సాయిలు మందను కోసిన చేన్ల మేపుతున్నడు. నిమ్మకాయలంత రాళ్లు. ఎనుకంగనే సలిగాలి, మల్ల వాన. నేను గొంగడి కప్పుకుని ఉరికిన. వోయి సూస్తె ఏముందే తల్లీ... మిగిలిన ముసలి నల్లగొర్లు ఏడెనిమిది ఉండె, గవి అన్నీ గుండ్రంగ నిలవడి తలకాయలు లోపటికి వెట్టుకుని నిలవడ్డయి. ఒంటి మీద రాళ్లు వడి జారుతున్నయి. గా ఉన్ని ఉన్నది సూడు, గదే వాటికి ఇల్లు. తెల్ల పిల్లలు చెల్లాచెదురై ఒరాల గట్ల పొంటి వడ్డయి. వణుకుడు ఆగుతలేదు. ఒక్కొక్కదాన్ని నా గొంగడిల సుట్టుకుని రుద్దిన. ఎన్నిటిని సుడుతవు? రెండు చేతులే గదా. మూతులు సల్లవడి పోతున్నయి చేతులల్ల. సాయిలు బురదల కూసుని చిన్నపిలగాని లెక్క ఏడ్సిండు. "వదినా, నాయిన ఉంటె నన్ను సంపుతుండె" అన్నడు. గా దినం తిట్టేది మర్సి వాన్ని రెక్క వట్టి లేవట్టిన.

బేరగాడు తెల్లారి అచ్చిండు. అచ్చి ఏమన్నడో ఎర్కనా? "రేకుల షెడ్డు ఏసుకోవాలె గదన్నా, తెల్లజాతికి షెడ్డు ఉండాలె" అన్నడు. షెడ్డట! తెచ్చినప్పుడు సెప్పకపోతివి గదరా! వేల ఏండ్ల సంది ఒంటి మీదనే షెడ్డు ఉన్న జీవిని నువ్వు బండెక్కిచ్చుకుని వోయి కోతకు అమ్మితివి, ఇప్పుడు మమ్ముల రేకులు కొనుమంటవా? చీపురు తీసుకున్న నేను. వాడు మల్ల మా వాకిట్లకు రాలే.

నల్ల ఆడగొర్లు జెర మిగిలినయి, గని పొట్టేలు లేదు. సుట్టుముట్టు ఊర్లు తిరిగినం. ఎవల మందల సూసినా తెల్లదే, లేకుంటె కలిసిందే. గింత తొందరగ పోతదా ఒక జాతి? తరాలు వట్టింది గట్ల అయ్యేటందుకు, పోవుడు మాత్రం మా కండ్ల ముంగటనే. ఎవలో అన్నరు, బిచ్కుంద అంగడికి మరాఠోల్లు నల్లయి తెస్తరని. మీ తాతను లేవట్టిన. "నువ్వు మాట్లాడకు, నా ఎంట నడువు సాలు" అన్న.

బిచ్కుంద అంగడిల లేవు. జుక్కల్ దిక్కు పొమ్మన్నరు. జుక్కల్ దాటినంక ఒక కంచెల దొరికిండు ముసలాయిన, నెత్తికి ఎర్ర పటకా, భుజం మీద గొంగడి. ఆయిన మంద సూడంగనే నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మా మామ మందే నిలవడ్డట్టు. బూడిదయి, సుక్కయి, చెవులు లేనియి.

"ఒక్క పొట్టేలు ఇయ్యి కాకా" అన్న.

"కాయ్ బాయీ, ఏందమ్మా," అని నవ్విండు. మనది, మరాఠి కలిపి మాట్లాడుతుండె. "మీ దిక్కోల్లు అచ్చి మమ్ముల సూసి నవ్వుతరు, ఇంకా ఇవే వెట్టుకున్నరా అని. నీకెందుకు? ఏడాది మేపి కోతకు అమ్మేటందుకా? ఇయ్య."

నేను మంద నడిమిట్ల కూసున్న, లేవలే. రాళ్లవాన సంగతి సెప్పిన. చేతులల్ల సచ్చిన పిల్లల సంగతి సెప్పిన. ఆయిన ఇనుకుంట ఇనుకుంట కట్టెను కింద వెట్టిండు. "కోతకు అమ్మనని ప్రమాణం జెయ్" అన్నడు.

"మా కులదేవుడు బీరప్ప మీద ఆన" అన్న.

"బీరోబానా?" అని లేసి నిలవడ్డడు. "మీకు గూడ బీరోబానేనా?" గంతే. ఆయిన ముసలామెను పిలిచి మాకు జొన్నరొట్టె, ఎల్లిగడ్డ కారం వెట్టిచ్చిండు. తినంగనే ఆయిననే మందల సొచ్చి ఒక మొగపిల్లను వట్టుకచ్చిండు. ముందుగాల దాన్ని గాదు, దాని తల్లిని సూపెట్టిండు నాకు! "గీ తల్లి ఎండకాలం గూడ పాలు తప్పియ్యలే" అన్నడు. మాట వేరు, దేశం వేరు, మా మామ బుద్ధే. మీ తాత గప్పుడు నోరు తెరిచిండు, "మా నాయిన గిట్లనే సూస్తుండె" అని.

నడిపిచ్చుకుంట తెచ్చినం దాన్ని, బండి ఎక్కిస్తె బెదురుతదని. మహమ్మద్‌నగర్ కాడ ఛాయ్ దుకానంల ఒకడు, "గింత దూరంకెల్లి మేకపిల్లను తెస్తున్నరా" అన్నడు. వానికి గూడ సెప్పిన నేను రెండు మాటలు. మీ తాత నా కొంగు వట్టి గుంజుకపోయిండు.

గట్లనే అయిపోయిందనుకోకు. ఉన్ని మర్లి అచ్చే వరకు ఎన్ని ఈతలు వట్టింది! పుట్టిన పిల్లలల్ల ఒకటి బొచ్చుది, ఒకటి బోడిది. ఏరుకుంట, ఏరుకుంట. సాయిలే ఏరిండు, వాని చేతికే ఇచ్చిన పని. వాడు పోయేదాక మల్ల తెల్లది మందల రానియ్యలే.

మొన్న పశువుల దవాఖాన డాక్టరమ్మ అచ్చింది గదా, నువ్వు కాలేజికి వోయినవు గప్పుడు. మంచి పిల్ల. "అవ్వా, ఇవి ఒక్కరోజుల ఇట్ల కాలేదు. ఎండకు ఆగనియి పోయినయి, ఆగినయి పిల్లల్ని కన్నయి. ఆ పిల్లలల్ల మళ్లీ ఆగినయి కన్నయి. అట్లా మారుకుంట వచ్చినయి. ఒకసారి పోతే మనం తయారు చెయ్యలేము" అన్నది. మా మామ గిట్ల జేసేటోడు అంటె, "మా చదువుల గూడ అదే చెప్తరవ్వా" అని సంబరపడ్డది.

తెల్లగొర్రె మీద నాకు పగ లేదే. గది దాని నేల మీద దొర. నా కోపం మనుషుల మీద. అన్నిటిని ఒక్కటే జేస్తరేంది? కోడి ఒక్కటే, జొన్న ఒక్కటే, గొర్రె ఒక్కటే. రేపు ఒక్క రోగం అస్తె? ఇన్ని తీర్లుంటె ఒకటి వోయినా ఒకటి నిలవడుతది. ఒక్కటే తీరుంటె ఏది నిలవడుతది సెప్పు! తూకం రాళ్లు తప్ప ఏమెర్క వీల్లకు? మీ నాయిన గూడ మొన్న అంటున్నడు, అమ్ముదమే అవ్వా, ఎవలు కాస్తరు అని. నా పానం ఉన్నన్ని దినాలు...

ఆగు. ఆగాగు. గా మూలకున్నది సూడు, పండుకుంట లేస్తున్నది. నేల గీకుతున్నది. ఈనుతదే అది! ఫోను పక్కకు వెట్టు, గా గోనె సంచి తే. దగ్గెరకు రాకు, దానికి బెదురు. ఆఁ... ఆఁ... అచ్చింది తల్లీ, అచ్చింది. నువ్వు ముట్టకు, తల్లి నాకనీ, వాసన వట్టనీ.

ఏంది, ఏ రంగుదంటవా? ఏ రంగుదైతేంది బిడ్డా, ముందుగాల లేసి నిలవడనీ. సూడు, ముంగటి కాళ్లు మోపుతున్నది... వడ్డది... మల్ల లేస్తున్నది. గట్ల! గట్లనే లేవాలె. సల్లగుండు నా తల్లి, కాళ్ల మీద నిలవడు... ఇగో, పాలకు వోతున్నది సూడు...