అమ్మ బొమ్మలకి అద్దె

కుర్చీ వద్దులే ఫిడెన్సియో అన్నా. కూర్చుంటే కాఫీ తెప్పిస్తావు, నా కోపం కాస్తా చల్లారిపోతుంది. ఏమన్నావు ఆ రోజు? "ఈ ఎంబ్రాయిడరీ మిషను కొనుక్కో సతుర్నీనా, కార్నివాల్ బట్టలు కుట్టడంలో ఒరూరో మొత్తం మీద నిన్ను కొట్టేవాళ్ళుండరు" అన్నావా, లేదా?

కొన్నాను. నీ మాట మీదే! మా అమ్మాయి హిమేనాకి బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రివి కదా, నన్ను ముంచుతావా అనుకున్నాను.

మొదట్లో ఏ దారం పెట్టినా కుట్టేది. ఏదో కొత్త సాఫ్ట్‌వేరంటూ నువ్వే వచ్చి ఎక్కించావు. అంతే! ఇక కంపెనీ దారం తప్ప ఇంకోటి పెడితే సూది కదలదు. సంతలో దొరికేదానికి మూడింతల ధర! సరే, ఓర్చుకున్నాను. తర్వాత నెలనెలా అద్దె అన్నారు. నా మిషనుకి నేను అద్దె కట్టడమేంటన్నా? అదీ కట్టాను.

ఇక చాలనిపించి, ఎల్ ఆల్తో ఊళ్ళో వేరే కంపెనీ మిషను చూసుకున్నాను. నీ మిషనులో దాచుకున్న నా కుట్టు బొమ్మలు అందులోకి ఎక్కిద్దామంటే తెరుచుకోవట! మా అమ్మ బొమ్మలన్నా అవి! పాము, కప్ప, మూడు తలల డ్రాగన్. పోయే ముందు చలికాలమంతా నా పక్కనే కూర్చుని, ఆ తెర మీద వేలు పెట్టి, "ఇక్కడ తోక ఇంకొంచెం తిప్పవే" అంటూ గీయించింది. కాగితం మీద ఒక్కటీ లేదు.

చూద్దాం ఏం చేస్తారోనని అద్దె ఆపేశాను. ఏం చేస్తారు? ఆ సాఫ్ట్‌వేర్‌తోనే మిషను కదలకుండా తాళం వేశారు. శనివారం కార్నివాల్ ఊరేగింపు. హిమేనా వేసుకునే అంగీ మీద డ్రాగన్‌కి ఒళ్ళుంది, తలల్లేవు. "ఇది వేసుకుని దెయ్యాల ఆట ఆడితే నవ్వరా అమ్మా?" అని ఒకటే ఏడుపు.

ఒక్కటి చెప్పు. బొమ్మలు బయటికి రావని అమ్మేటప్పుడే నీకు తెలుసా?

కిటికీ వైపు కాదు. నన్ను చూడు.

తెలుసన్నమాట. అమ్మ గీయిస్తున్నప్పుడు మా వంటింట్లోనే ఉన్నావు కదయ్యా! ఆవిడ చేసిన ఫ్రికాసే పులుసు రెండోసారి పోయించుకుని తాగుతూ, తెర మీద ఆవిడ వేలు చూస్తూ... ఒక్క మాట అనలేకపోయావా? కంపెనీ మీద నాకేం ఆశ? నువ్వు మనిషివి కదా!

చేత్తో కుట్టుకోమంటావా? ఈ వేళ్ళు వంగితే నీ గడప తొక్కేదాన్నే కాదు.

ఇదిగో అద్దె, పాత బాకీతో సహా. తియ్యి తాళం.

శనివారం భోజనానికి మా ఇంటికి మాత్రం రాకు. హిమేనాకి ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఇక్కడికి నెలనెలా నేనే వస్తాలే. రాక చస్తానా? మా అమ్మ నీ దగ్గరుందిగా.