ఎనిమిది గంటల సీరియల్లో మునిగినవాడు

హలో… ఆ, నేనే. చిన్నపోలయ్యనే మాట్లాడేది. ఎవురమ్మా నువ్వు?

… టీవీ ఆఫీసా? హైదరాబాదు నుంచా?

… అవును, నేనే చేసినా. సీరియల్ అయిపొయినాక కింద నంబరేసినారు గదా, మీ అభిప్రాయం చెప్పండీ అని. కుయ్యిమన్నాక మాట్లాడమనింది, మాట్లాడినా. మళ్ళీ మీరు చేస్తారనుకోలా.

… నవ్వుతుండావా? నవ్వుకోమ్మా. అందురూ హర్షబాబుని బతికించండి అంటే నేనొక్కణ్ణే సంపెయ్యండి అన్నానా?

… కోపమేం లేదు. ఆ అబ్బాయి మీద నాకేం కోపం? మంచోడే. పెళ్ళాం మీద చెయ్యెత్తడు. మీ సీరియల్లో ఆ మాత్రం మగోడు ఇంకొకడు లేడు.

… ఊఁ, రాసుకో. ముత్తుకూరు దాటినాక, సముద్రం ఒడ్డున పాలెం. చేపలోళ్ళం. … నీదే ఊరు? … బిట్రగుంటా! రైల్వే కాలనీనా? … మన పక్క పిల్లవే అయితే. పేరు? … మెర్లిన్. సరే మెర్లినమ్మా. నా మాట నీకు అర్థమవుద్దిలే.

… నేను సీరియల్ చూడను. … నిజమే చెప్తుండా. చూసేది మా కోడలు, మాలచ్చిమి. నేను వసారాలో వల బాగుచేసుకుంటా ఉంటా. చెవిన పడుద్ది. … కళ్ళా? కళ్ళు కూడా ఒకోసారి అటు పోతాయి. వాటినేం చెయ్యమంటావు?

… అభిప్రాయమంటే… మూడో తరగతితో మానుకున్నోణ్ణి. తోచింది చెప్తా. మీ ఆడోళ్ళు నగలతోనే పండుకుంటారు. ఒకరు ఒక మాటంటే ముగ్గురి మొకాలు మూడేసి సార్లు చూపిస్తారు, ఉరుములతో. ఇంట్లో అంతమంది ఉండి ఒక్కరూ పొయ్యి కాడికి పోరు. అదంతా మీ ఇష్టం. దానికి నేను ఫోను చెయ్యలా.

… సముద్రం సంగతికి చేసినా.

… ఆ మేనత్త లాంచీ మీద నుంచి హర్షబాబుని తోసింది గదా. బూట్లతో, కోటుతో. మునిగినాడు. ఇంటిల్లిపాదీ ఏడ్చినారు. మా కోడలూ ఏడ్చింది. మంచిదే అనుకున్నా. ఏడవనీ, ఆ అబ్బాయి పేరు మీదన్నా ఏడవనీ అని. మొన్న ఏం చేసినారు మీరు? ఇసక మీద చెయ్యి చూపించినారు. వేలు కదిలింది. ఉంగరం మెరిసింది.

… అదే. అక్కడ ఆపేసినారు.

… అమ్మణ్ణీ, ఎన్నాళ్ళు నీళ్ళల్లో ఉన్నాడు ఆయన, మీ లెక్కలో? … వారమా? వారం నీళ్ళల్లో ఉన్న చెయ్యి ఎట్టుంటదో మీ రాసే ఆయన చూసినాడా? … నేను చూసినా. మా ఇంటోళ్ళవి కాదు, బయటోళ్ళవి. పట్టుకుంటే తోలు తొడుగు మాదిరి ఊడొస్తాది. ఉంగరం నిలిచేదానికి వేలుండాల గదా.

… సరే, సరే, చెప్పనులే. చిన్నపిల్లవి. నాకు మాట్లాడటం చాతకాదు.

… ఎందుకు చెప్తుండానంటే, నా కొడుకు గణేషు కూడా… రొయ్యల వలకి పొయినారు. వల లాగుతా ఉంటే అల కొట్టింది. పడవలో ఇంకో ఇద్దురుండారు. వాళ్ళు వచ్చినారు. వీడు… కనపళ్ళా.

… పోయిన వానలప్పుడు. … వెతికినాం. పాలెంలో పడవలన్నీ దించినాం. ఆ పక్క పులికాటు దాకా పొయినాం. సర్కారోళ్ళు కూడా తిరిగినారు. చొక్కా ముక్క దొరకలా.

… అదేనమ్మా. మా కోడలు ఒప్పుకోదు. గాజులు తియ్యదు. పోలీసోళ్ళు చెప్పినారు, పాలెం పెద్దలు చెప్పినారు. వాళ్ళన్న పెంచలయ్య మనుబోలు నుంచి ఆటో కట్టుకోని వచ్చినాడు. రామ్మా పోదాం, చిన్న వయసు, ఇంకా చానా బతుకుంది అన్నాడు. కదల్లా. శవం లేకున్నా గడ్డిబొమ్మ కట్టి కర్మ చేద్దామే అని వాళ్ళంటే లేచి పొయ్యి ఎండుచేపలు తిరగేసుకుంటాది. కర్మ కాకుండా ఆ బిడ్డ ఇంకో ఇంటి గడప ఎట్ట తొక్కుద్ది?

… పిల్లల్లేరు. మా ఆడది ముందే పొయింది. ఈ కొంపలో నేనూ ఆ బిడ్డే.

… ఎనిమిది కొట్టేసరికి మొకం కడుక్కోని, బొట్టు దిద్దుకోని కూచుంటాది ఆ పెట్టె ముందర. మీ వోడు లేచొచ్చినాడంటే నా కోడలు ఇంక లేవదు మెర్లినమ్మా. అక్కడే ముసిల్దైపోద్ది.

… సినిమాలూ అంతే. కావలి హాల్లో నేల టిక్కెట్టు నాటి నుంచి చూస్తుండా గదా. తూటా దిగినోడు తల్లి వొళ్ళో పండుకోని చెప్పిందే చెప్తా ఉంటాడు. ఏట్లో పడ్డోడు గడ్డం పెంచుకోని తిరిగొస్తాడు. … బాగుండదని ఎవురన్నారు? నేనూ ఈలేసినా. మనోడు నీళ్ళల్లో లేనప్పుడు బాగానే ఉంటది.

… ఒక్కసారి. ఒక్కణ్ణి. పొయినోణ్ణి పోనీండి. శవం ఒడ్డుకొచ్చినట్టు చూపించండి. గుడ్డ కప్పండి, మొకం చూపించొద్దు. ఆ శ్రావ్య అనే పిల్ల గాజులు తీసేసి, ఏడ్చి, తర్వాత లేచి కంచం ముందర కూచోని అన్నం తినాల. అది చూపించండి. మొగుడు పొయినాక ఆడమనిషి అన్నం తినేది. ఏ సీరియల్లోనూ అది చూపించరు.

… రేటింగా? … అంటే చూసేవాళ్ళు తగ్గిపోతారు. … ఊఁ.

… ముందర కతంతా తీసేసినారా అప్పుడే? … జాలర్ల పిల్ల వైద్యం చేస్తాదా, ఆకు పసరుతో? మాకు జొరమొస్తే మేమే ముత్తుకూరు ఆస్పత్రికి పోతామమ్మా. … మతి పొయ్యి ఉంటాడా. … పెళ్ళాం సీమంతం నాడు వచ్చి నిలబడతాడా. ఊఁ. పూలు చల్లుతారా ఆయన మీద?

… నీ తప్పేముందిలే. నువ్వు ఫోన్లు చేసే పిల్లవి.

… ఉండు, పెట్టమాక. ఒక పని చెయ్యి నాకు. మా కోడలు ఎవురి మాటా వినదు, టీవీ మాట వింటాది. నువ్వు టీవీ మనిషివి. నువ్వు చెప్పు. … అదే. ఇది కత తల్లీ, సముద్రంలో ఇట్ట జరగదు, మీ ఆయన రాడు అని.

… నేనా?

… చెప్పలా. … ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా. … వాళ్ళందురూ చెప్పినారు గదా. నేను మాట తక్కువ మనిషిని.

… పెరట్లోనే ఉంది. పిలవనా? … పుణ్యముంటాది నీకు.

మాలచ్చిమీ! … ఇట్ట రా. … చేపలు కాకులు తింటే తిననీలే. ఫోను. … మీ అన్న కాదు. టీవీ వాళ్ళు, హైదరాబాదు. నీతో మాట్లాడాలంట. … నిజంగానే. చెయ్యి తుడుచుకోని తీసుకో. నేను బయట ఉంటా.

………

………

హలో… ఆ, మళ్ళీ నేనే. నా చేతికిచ్చేసి లోపలికి పొయింది. … ఏడవలా. మొకంలో ఏమీ కనపళ్ళా. చెప్పినావా? … ఏమనింది?

… తెలుసునంటనా? … ఎప్పట్నుంచి?

… పడవ తిరిగొచ్చిన దినం నుంచే.

… మరి ఆ గాజులు? ఆ బొట్టు?

… నా కోసమా?

… నిదానంగా చెప్పమ్మా. నా చెవి అంతంత మాత్రం.

… తెల్లారకముందే నేను ఒడ్డుకి పోతాననిందా. పోతా. అందురూ పోతారు. … వాడి చెప్పులు ఎండలో పెడతాననిందా. … పెడతా. బూజు పడతాయని.

… సీరియల్ వచ్చేటప్పుడు నా చెయ్యి వల మీద ఆగిపోతాదంటనా. … ఆ వేలు కదిలినప్పుడు లేచి నిలబడినానా? నేనా? … ఆ పిల్ల అటు తిరిగి ఉండింది గదా, ఎట్ట చూసింది? … గ్యాపకం లేదమ్మా నాకు. నిలబడే ఉంటా.

… ఊఁ. … “మామ ఎదురు చూస్తుండాడు. మామ నోట ఆ మాట రాకుండా నేనెట్ట గాజులు తీసేది? నేను మా అన్నతో పోతే ఆయనకి బువ్వెవరు పెడతారు?” … అనిందా.

… ఇంకా?

… హర్షబాబుని సంపమాకండి, మా మామ తట్టుకోలేడు… అని బతిమాలిందా నిన్ను.

…

… ఉండా. లైన్లోనే ఉండా. … ఏం కాలా. నీళ్ళు తాగొచ్చినా.

… పెట్టమాక అమ్మణ్ణీ. ఒక్క నిమిషం ఉండు. ఏమీ మాట్లాడమాక, ఊరికే ఉండు. ఎవురన్నా ఒకరు వింటా ఉంటే అనగలనేమో.

మాలచ్చిమీ… ఇట్ట రా తల్లీ. … ఎసట్లో బియ్యం తర్వాత పోద్దువులే. … టీవీ పిల్ల ఏమీ చెప్పలా. కూచో. … ఇక్కడ, నా పక్కన.

… గణేషు…

… ఉండమ్మా, ఉండు, నన్ను అననీ.

… గణేషు సచ్చిపొయినాడు.

… ఊఁ. మన గణేషు. పొయినాడు. ఇంక రాడు.

…

హలో… వినపడిందా మెర్లినమ్మా. … ఆ, అనేసినా. … ఆ ఏడ్చేది ఆమే. ఏడవనీ.

… ఏడ్చే రెండో గొంతు ఎవురిదా?

… ఉంటానమ్మా. పెట్టేస్తుండా.