వంతెన మీద చక్రాల్లేని ట్రాక్టరు

వీబ్కే, నాకింకో కప్పు కాఫీ పొయ్యమ్మా, ఆ వెన్న కేకు కూడా ఓ ముక్క పడెయ్, ఇవాళ నాకు ఒళ్ళు మండిపోతోంది. నీ బేకరీలో కూర్చుని నీ కూతుర్నే అంటున్నానని ఏమనుకున్నా సరే, చెప్పాల్సింది చెప్పి తీరతాను. సాయంత్రం ఐదింటికి ఊరి హాల్లో మీటింగట! బాల్టిక్ ఒడ్డున ఏదో ప్రయోగశాలలో చేస్తోందిగా మన గేషే, ఆవిడగారు వచ్చి మన పాత బంగాళాదుంపల గిడ్డంగి ఇమ్మని అడుగుతుందట. అందులో అయస్కాంతాలకి తీగలు చుట్టుకుంటారట, ఆ అయస్కాంతాల మధ్య సూర్యుణ్ణి కూర్చోబెడతారట, మనమేమో సరే తల్లీ అని చేతులెత్తాలట! ఏరా డెట్లెఫ్, నలభై ఏళ్ళు మన గేట్ల మీద అణుచెత్త వద్దని పసుపురంగు ఇంటూ గుర్తు కొట్టుకుని కూర్చున్నది ఇందుకేనట్రా?

"ఇది వేరంటున్నారుగా హిన్నెర్క్. అది అణువుల్ని పగలగొట్టడం, ఇది అతికించడమట."

వేరట! ఒరేయ్, అప్పుడు కోటు తొడుక్కొచ్చినవాడు కూడా ఇంత తియ్యగానే మాట్లాడాడు. కరెంటు ఎంత చవకంటే మీటరు కూడా అక్కర్లేదన్నాడు. ఆ తర్వాత ఏమైందో మర్చిపోయావా? చెర్నోబిల్ పేలిన ఏడాది మే నెలలో మా కొట్టంలో ముప్ఫై నాలుగు ఆవులు, పాలన్నీ విషమన్నారు. పితకడం, కాలవలో పొయ్యడం, పితకడం, పొయ్యడం. మా అమ్మ ఆ బకెట్ల ముందు కూర్చుని ఏడ్చేది. ఎవడైనా వచ్చి తప్పైందన్నాడా? అనకపోగా ఆ దిక్కుమాలిన చెత్తంతా తెచ్చి మన పొలాల కింద ఉప్పుగనిలో పాతేస్తామన్నారు. ఎందుకు ఇక్కడే? హాంబర్గ్‌లో జనం ఎక్కువ, ఇక్కడ గొర్రెలెక్కువ, అందుకు! అప్పుడు ఆపిందెవరయ్యా? రోల్ఫ్ మాస్టారూ, మీరు హాంబర్గ్ నుంచి కొత్తగా వచ్చారు, మీకు తెలీదు, ఆపిందెవరు?

"మీరేనని పోయిన గురువారం కూడా చెప్పారండీ."

ఇంకోసారి వింటే చెవులేం అరిగిపోవు. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి మాట, మార్చి నెల, పొద్దున్నే చలి. అణుచెత్త పీపాలు రైలు దిగి లారీలెక్కాయని కబురొచ్చింది. మన వాగు వంతెన దాటాలి. నేనేం చేశాను? నా ఆకుపచ్చ ట్రాక్టరు తీసుకెళ్ళి వంతెన మీద అడ్డంగా పెట్టి, వెనక చక్రాలు రెండూ విప్పేశాను. చక్రాలున్న ట్రాక్టరునైతే పోలీసులు లాగి పారేస్తారు, చక్రాల్లేనిదాన్ని ఏం చేస్తారు, నెత్తిన పెట్టుకుంటారా? జాకీ పెట్టాను, నట్లు విప్పాను, దించాను. ఒక్కణ్ణే. పదకొండు నిమిషాలు. కావాలంటే రాసుకోండి.

"ఒక్కో చక్రం మూడొందల కిలోలు కదరా!"

కోపంలో ఉన్నవాడు కాటా పట్టుకుని తిరుగుతాడట్రా డెట్లెఫ్? ఎత్తాను, భుజానికోటి వేసుకున్నాను, తీసుకెళ్ళి దాచాను, వెనక్కొచ్చి ట్రాక్టరెక్కి కూర్చున్నాను. అంతే. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ చెప్పను, గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ తర్వాత వచ్చారు చూడండి పోలీసులు, మూడొందల మంది. కాదు, ఎందుకు తక్కువ చెయ్యాలి, మూడు వేలు. మర్యాదగా దిగు అన్నారు. మా అమ్మ పారబోసిన పాలు ముందు తిరిగివ్వండి, అప్పుడు దిగుతానన్నాను. ఇవ్వలేరుగా? నీళ్ళ ఫిరంగి తెచ్చారు. సరే, పొద్దుట్నుంచీ దాహంగానే ఉందని నోరు తెరిచాను.

"తెరిచి?"

తాగేశాను. ఆ బండి ట్యాంకు పదివేల లీటర్లు. ఖాళీ చేసి, అయిపోయిందా అని మూత మీద కొట్టి చూశాను. రెండో బండి తెచ్చారు, అదీ తాగాను. మూడోదాన్ని మాత్రం పొలం వైపు ఊదేశాను, ఎందుకంటే ఆ ఏడు వానల్లేవు. ఆ వేసవిలో మా చేలో పండిన బంగాళాదుంపని ఇద్దరు కలిసి దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. మాస్టారూ, మీరు నవ్వండి, ఫరవాలేదు. నవ్వే వాళ్ళందరూ ఆ రోజు హాంబర్గ్‌లో హీటరు పక్కన కూర్చున్నవాళ్ళే!

"అయ్యో, నేను నవ్వలేదండీ. లారీలు వచ్చాయా మరి?"

రాకేం! ముందు హెలికాప్టరొచ్చింది, దాని మొహాన ఒక దుంప విసిరాను, అది దణ్ణం పెట్టి పోయింది. తర్వాత లారీలొచ్చాయి, ఆరు. మొదటి లారీ డ్రైవరు నా కళ్ళలోకి చూశాడు. నేనూ వాడి కళ్ళలోకి చూశాను. అంతే, వెనక గేరు వేశాడు! తిప్పుకోవడానికి వంతెన మీద చోటేదీ? ఆరు లారీలూ వెనక్కి, వెనక్కి, ఊళ్ళు దాటి, నదులు దాటి, ఫ్రాన్సు సరిహద్దు దాకా వెనక్కే పోయాయి. పోతూ పోతూ కంగార్లో ఒక పీపా దొర్లించి పోయారు. మనకి భయమా? పంగలకర్రతో మూత లేపి చూశాను.

"చాల్రా, చాల్లే!"

ఏం చాలు? లోపల కుతకుత ఉడుకుతోంది. వీళ్ళు దాన్ని మన పిల్లల కాళ్ళ కింద పెడదామనుకున్నారు, లక్షేళ్ళు! లక్షేళ్ళంటే తెలుసునా మీకు? ఈ ఊరు పుట్టి ఎనిమిదొందల ఏళ్ళు. నాకొచ్చిన కోపానికి ఎడం చెయ్యి అందులోనే పెట్టి, ఎలా ఉంటుందో చూద్దామని కలిపేశాను. మూడేళ్ళు వెలిగింది ఈ చెయ్యి. దాని వెలుతురులో పేపరు చదువుకునేవాణ్ణి. చేతికి ఉన్ని తొడుగు వేసుకుంటే గానీ మా ఆవిడ మంచం ఎక్కనిచ్చేది కాదు. చివరికి మంత్రే వచ్చి, వంతెన మీద మోకాళ్ళ మీద కూర్చుని, హిన్నెర్క్ బాబూ మూత పెట్టెయ్యి, ఇంకెప్పుడూ తేమని ఏడ్చాడు. పెట్టేశాను. పీపా చంకలో పెట్టుకుని పోయాడు. ఇప్పుడు చెప్పండి, ఈ ఊళ్ళో అణువుల సంగతి మాట్లాడాల్సింది ఎవరు? నేనా, నిన్నటి పిల్లా?

"ఆ అమ్మాయి చెప్పేది సూర్యుడి సంగతి కదండీ. దాని గురించి మీకు..."

నాకు తెలీదంటారా? నాకు! డెట్లెఫ్, చెప్పు మాస్టారికి, మా బాయిలరు సంగతి.

"మళ్ళీ బాయిలరు కథేనా, దేవుడా!"

కథ కాదు, జరిగింది! పందులకి దుంపలు ఉడకబెట్టే బాయిలరుండేది మా దొడ్లో, ఇనుపది, మా నాన్న కొన్నది. వాగులోంచి బకెట్టు నీళ్ళు తెచ్చి అందులోంచి హైడ్రోజను ఏరాను. ఏరి రెండేసి బాయిలర్లో పడేస్తే, అవి ఒకదాని మొహం ఒకటి చూడవు! నువ్వెంత దగ్గరికి నెడితే అంత దూరం పోతాయి. ప్రొఫెసర్లంతా అక్కడే ఆగిపోయారు. నేనేం చేశాను? మూత వేసి దానిమీద ఎక్కి కూర్చున్నాను. మీరు కలుస్తారా, నన్ను దిగమంటారా అన్నాను. మూడో రోజుకి కలిశాయి. లోపల సూర్యుడు పుట్టాడు! పదకొండు రోజులు వెలిగాడు. ఫిబ్రవరిలో చెర్రీలు కాశాయి. మా కోళ్ళు నిద్రలేక పెట్టిన గుడ్డు మీదే ఇంకో గుడ్డు పెట్టేవి. డెన్మార్కు వాళ్ళు ఫోను చేసి, అయ్యా కొంచెం తగ్గించండి, మా పిల్లలు పడుకోవడం లేదన్నారు.

"మరి ఎందుకు ఆపేశారండీ అంత మంచిదాన్ని?"

ఆ, అది అడగండి! ఎందుకు ఆపేశాను? మూత నా కింద ఉంది కాబట్టి. నేను లేస్తే? రేపు నేను పోతే ఎవడు కూర్చుంటాడు? అది అడిగితే ఒక్కడూ నోరు విప్పడు! ముప్ఫై ఏళ్ళలో వచ్చేస్తుంది వచ్చేస్తుంది అని నా పెళ్ళప్పుడు చెప్పారు, నాకు మనవలు పుట్టినా ఇంకా ముప్ఫై ఏళ్ళే అంటున్నారు. వీళ్ళ ముప్ఫై ఏళ్ళు ఎప్పటికీ తరగవా? ఈలోగా మన గిడ్డంగి కావాలి, తర్వాత మన పొలం కావాలి, తర్వాత మళ్ళీ ఏదో పీపా. ఒక్కసారి మోసపోయాం, చాలు. అందుకే మధ్యాహ్నం భోంచేసి నేను చెయ్యాల్సింది చేసేశాను.

"ఏం చేశావురా?"

అదే ఆకుపచ్చ ట్రాక్టరు. ఊరి హాలు తలుపుకి అడ్డంగా పెట్టి చక్రాలు విప్పేశాను. ఎలా పెడతారో చూస్తాను మీటింగు! మీరిద్దరూ కాఫీ తాగేసి నాతో రండి, తలుపు ముందు నిలబడదాం. ఆ పిల్ల నోరు తెరిస్తే గోల చేద్దాం, ఒక్క మాట బయటికి రానివ్వద్దు. ఊరంతా నా వెనక నిలబడుతుంది, వంతెన మీద హిన్నెర్క్ ఎవరో అందరికీ తెలుసు. వీబ్కే, నీకూ చెబుతున్నాను. అసలు నీకు రోషం ఉందా? ఆ రోజు ఆ పోలీసు వెధవలు వంతెన మూసెయ్యబట్టే కదా నువ్వు ఆసుపత్రికి చేరలేక రోడ్డు మీద కన్నావు దాన్ని! రోడ్డు మీద! అలాంటి పిల్లని అదే జాతి మనుషుల దగ్గరికి ఉద్యోగానికి పంపావు!

"బాబాయ్, ఇంక ఆపు."

ఎందుకాపాలి?

"వంతెన పోలీసులు మూయలేదు. నువ్వు మూశావు."

ఏంటమ్మా నువ్వు...

"ఆ రోజు లారీలు దక్షిణం దారిన పోయాయి. ఒక్కటీ వంతెన వైపు రాలేదు. మూడు వేల మంది పోలీసులూ లేరు, ఇద్దరున్నారు. మా ఆయన బేకరీ వ్యాన్లో నన్నేసుకుని వంతెన దగ్గరికొచ్చాడు. ఎదురుగా నీ ట్రాక్టరు. చక్రాల్లేవు. నువ్వూ లేవు. ఆయన నీకోసం ఊరంతా పరిగెత్తాడు. నువ్వెక్కడున్నావో నేను చెప్పనా, నువ్వు చెబుతావా?"

మీ ఆయన నాకెప్పుడూ చెప్పలేదే...

"మీ అన్న కొట్టంలో చక్రాలు దాచి, వాళ్ళింట్లో సూపు తాగి పడుకున్నావు. మంత్రసాని అవతలొడ్డు నుంచి బ్యాగు నెత్తిన పెట్టుకుని నీ ట్రాక్టరెక్కి దిగి వచ్చింది. అప్పటికే పిల్ల పుట్టేసింది. నా కింద పరిచింది ఒక పోలీసావిడ కోటు. ఆ కోటు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నోరు మూసుకున్నాను, ఎందుకో తెలుసా? మనవాణ్ణి మనమే నలుగురిలో దించితే అవతలివాళ్ళు నవ్వుతారని. అదే కదా మన కట్టుబాటు. పోలీసులే మూశారని ఊరంతా అంటే నేనూ తలూపాను. ఆఖరికి నా కూతురికి కూడా అలాగే చెప్పాను. నువ్వు మనకోసం నిలబడ్డావని చెప్పి పెంచాను!"

అది... రెండు దారులుంటే వాళ్ళు ముందుగా చెప్పాలి కదమ్మా...

"నాకు మాత్రం గేషే మాటల మీద నమ్మకం ఉందా? సగం లేదు. ఏం చెత్త మిగులుతుంది, ఎన్నేళ్ళు ఉంటుంది, ఎక్కడ పెడతావు అని మొదటి ప్రశ్న నేనే అడుగుతాను, చీటీ మీద రాసి పెట్టుకున్నాను. నీ మూత ప్రశ్న కూడా రాసుకున్నాను, అది మంచి ప్రశ్న. కానీ అడగాలంటే దాన్ని లోపలికి రానివ్వాలిగా! నా పిల్ల దారికి రెండోసారి ట్రాక్టరు అడ్డం పెడతావా?"

నేను కావాలని కాదు వీబ్కే. వాళ్ళ మీద కోపం.

"దాని ఎనిమిదో పుట్టినరోజుకి నువ్వు ఈ బల్ల దగ్గరే కూర్చుని బాయిలరు కథ చెప్పావు. ఆ రాత్రి అది పడుకోలేదు. అమ్మా, హిన్నెర్క్ తాతయ్య నిజంగా సూర్యుణ్ణి చేశాడా, మరి మూత మీద ఎవరూ కూర్చోకుండా చెయ్యలేమా అని అడిగింది. అయస్కాంతాలు చుట్టేది దేనికనుకున్నావు? ఆ మూత కోసమే. ఇరవై ఏళ్ళుగా అదే చదువుతోంది, అదే చేస్తోంది. ఇంత చేసింది నువ్వు. ఇప్పుడు నువ్వే దాని నోరు నొక్కుతానంటే నేను ఊరుకోను."

...వీబ్కే.

"ఏంటి?"

బాయిలరు లేదమ్మా. నేను చిన్నప్పుడే మా నాన్న దాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు.

"తెలుసు. ఆ మాట మాత్రం దాని ముందు అనకు. చక్రాలెక్కడ?"

మా అన్న కొట్టంలో.

"మళ్ళీ అక్కడేనా! లే. ఐదింటికి ఇంకా నలభై నిమిషాలుంది. డెట్లెఫ్, మాస్టారూ, మీరు కూర్చోండి, కాఫీ పోస్తాను, ఎవరూ సాయం వెళ్ళొద్దు. ఒక్కడే విప్పాడట, పదకొండు నిమిషాల్లో. బిగించడానికి ఎంతసేపు పడుతుందో చూద్దాం."