రాతిగుండు కాడ ఆగిన రోడ్డు

హలో… ఆ, గఫూర్ సాబ్, నేనే. మేస్త్రీ అబ్రహామును. మేడ్చల్ స్టేషన్ల కెల్లి మాట్లాడ్తున్న… స్టేషన్ మాస్టరే ఇచ్చిండు. బండి వచ్చేదాక మాట్లాడుకొమ్మన్నడు.

దవాఖానల మంచిగ చూస్తుండ్రా? కాలు ఎట్లుంది?… సరే, ముందుగాల రోడ్డు సంగతే చెప్త.

ఆపేసిండ్రు సాబ్. సోమవారం కాయితం వచ్చింది… కొన్ని దినాలకు గాదు. మొత్తానికే.

షామీర్‌పేట చెరువు చూడనీకె మోటర్లల్ల వచ్చేటోళ్లే లేరట. లడాయిల డాంబరు లేదన్నరు, ఇప్పుడు లడాయి అయిపోయింది, మోటర్లు లేవంటుండ్రు… ఆరేండ్లు సాబ్. మీరు ఓవర్సియరుగ వచ్చి గొలుసు పట్టి కొలిచిన్నాడు నా గడ్డం నల్లగుండె.

చెట్లా?… రెండు దిక్కుల రెండొందల గుల్మొహర్లు వెట్టినం. పదకొండున్నయ్… మేకలు సాబ్.

లేదు, రాతిగుండు పగలలే, అట్లనే ఉంది. రోడ్డు దాని కాడికొచ్చి ఆగింది… కనవడది సాబ్. చెరువు గుండు ఎనకాలనే ఉంది, గని కనవడది.

మాకేంది, రోజు తానం జేసే చెరువే. అండ్ల చూసేదుందని మీరు జెప్పినంకనే తెలిసింది.

లచ్చయ్యా? మంచిగుండు… గుండుకు మందు వెట్టి పేల్చిన్నాడు మీరు గుంజి అవతలేసిండ్రు గద, ఆ భుజం ఇంక నొస్తదంటడు. తన మీద వడే రాయి సాబు కాలు మీద వడ్డదని పనిల సుత అదే ముచ్చట.

ఏం పనా?… ఏం లేదు సాబ్… శనివారం దాక పనిముట్లు మా కాడనే ఉంటయ్. ఊకె ఉండుడెందుకని గుండు పక్కపొంటి బాట తీస్తున్నం… ఎవలు చెప్పలే. జక్కయ్య తవ్వుడు షురూ జేసిండు. మేం నిలవడి చూస్తే బాగుండదని…

ఆ, చెరువు దాక పోయింది. ఒక మనిషి పట్టేంత. మోటరు గుండు కాడ నిలిపి, మీరు జర్ర ఇరవై అడుగులు నడిస్తే—

…

కాలు ఎప్పుడు తీసేసిండ్రు సాబ్?… మోకాలు మీదికా.

అయితే… ఇంకో రెండు మూరలు ఎడల్పు జేస్తం. మంచం పట్టేటట్టు… అట్లనకుండ్రి సాబ్, జనాజా పాడె గాదు, మంచమే. నలుగురం మోస్తం. లచ్చయ్య ఒక్కన్నే మోస్త అంటడు, అది మేం కానియ్యం.

పుండు మానినంకనే రాండ్రి. జల్దీ లేదు. బాట యాడికి పోతది.

నీళ్లా?… సగమే ఉన్నయ్. మీకు అబద్ధమెందుకు చెప్త. కొంగలు మాత్రం మస్తుగున్నయ్.

సాబ్?… హలో?…

ఆ… అవును, లైన్ల ఏదో సప్పుడే. నాకు సుత అట్లనే వినవడ్తాంది.

బండి వస్తాంది సాబ్. పెట్టేస్తున్న.