‘దొరకలేదు’గారికి అభినందనలతో

1988వ సంవత్సరం జూన్ 13వ తేదీన, ఒంటికి వదులైన ఖాకీ చొక్కాతో, కాలికి బిగుతైన బూట్లతో, కానిస్టేబుల్‌గా పోలీసు శాఖలో అడుగుపెట్టిన మా అన్నగారు ఈ నెలాఖరున సబ్ ఇన్‌స్పెక్టర్‌గా గౌరవప్రదంగా పదవీ విరమణ చేస్తున్న సందర్భంలో, వారి ఎదుటి బల్ల వద్ద చిరకాలం కూర్చున్న స్టేషన్ రైటరుగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. రైటరంటే ఫిర్యాదులు రాసేవాడే గాని పొగడ్తలు రాసేవాడు కాడు. లోటుపాట్లుంటే వదినగారు మన్నించాలి.

తొలి సంవత్సరాలు కూడలిలో ఎండకు ఎండి, వానకు తడిసి, వాహనాలను దారిలో పెట్టడంలో గడిచాయి. హెడ్ కానిస్టేబుల్‌గా పదోన్నతి పొంది మా స్టేషనుకు వచ్చాకే వారి సంగతి మాకు తెలిసింది. పోయిన వస్తువు దొరికితే కబురు పంపడం ఎక్కడైనా ఉన్నదే. దొరకకపోయినా ఇంటికి వెళ్లి ఆ మాట చెప్పి రావడం వారి పద్ధతి. వారి చిన్నతనంలో తండ్రిగారి సైకిలు పోయిందట. ఫిర్యాదు ఇచ్చిన నాటి నుంచి వీధిలో ఏ సైకిలు గంట మోగినా ఆయన లేచి గుమ్మంలోకి వెళ్లేవారట. “ఇక దొరకదని ఎవరైనా ఒక్క మాట చెప్పుంటే, మా నాన్న హాయిగా పడుకునేవాడోయ్” అని అన్నగారు నాతో ఒక్కసారే అన్నారు.

అప్పటి మా అధికారికి ఈ పద్ధతి మింగుడుపడలేదు. “దొరకలేదని పనిగట్టుకుని వెళ్లి చెప్పడమేమిటయ్యా? మన పరువు మనమే తీసుకోవడం కాదూ?” అన్నారు.

“చెప్పకపోతే ఉంటుందంటారా సార్?” అని అన్నగారు అతి వినయంగా అడిగారు. అధికారిగారు ఫైలు తెరిచి చదవడం మొదలుపెట్టారు.

మా స్టేషను వెనక వీధి టైలరమ్మగారి కుట్టుమిషను పోయింది ఆ రోజుల్లోనే. అన్నగారు మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె కడిగిపారేసింది. “ఈ ముక్క చెప్పడానికా వచ్చారు? నా మిషనుకేమైనా కాళ్లొచ్చి నడిచిపోయిందా?” అన్నగారు తలవంచుకుని విన్నారు, మరుసటి నెల మళ్లీ వెళ్లారు. కొన్నాళ్లకు వారు వీధి మలుపు తిరగగానే, “దొరకలేదనేగా? కూర్చోండి, టీ తాగి చెబుదురుగాని” అనే దాకా వచ్చింది. ‘దొరకలేదు’గారు అనే బిరుదును వారికి ప్రసాదించింది కూడా ఆమెగారే. ఇంటిపేరు మరుగున పడి ఈ పేరే నిలిచిందని వదినగారు నేటికీ నొచ్చుకుంటారు.

ఆ బిరుదు విలువ మాకు తెలిసివచ్చిన సాయంత్రం ఒకటుంది. సైకిల్ షాపు ఆయన నాలుగేళ్ల కూతురు మధ్యాహ్నం నుంచి కనిపించలేదు. పొద్దు వాలేసరికి, పాపకు జరగరానిది జరిగిందనీ, పోలీసులు దాచిపెడుతున్నారనీ పుకారు పుట్టి ఊరంతా పాకింది. స్టేషను ముందు జనం పోగయ్యారు, కొందరి చేతుల్లో రాళ్లున్నాయి. అన్నగారు లాఠీ బల్లమీద పెట్టి, ఒట్టి చేతులతో మెట్లమీదికి వెళ్లి నిలబడ్డారు.

“పాప ఇంకా దొరకలేదు. ఎక్కడుందో నాకు తెలీదు. మావాళ్లు నలుగురే తిరుగుతున్నారు, చాలట్లేదు” అన్నారు.

“అబద్ధం!” అని ఎవరో అరిచారు.

అప్పుడు జనంలోంచి టైలరమ్మగారు ముందుకొచ్చింది. “ఈయన దొరకలేదంటే దొరకలేదనే. ఇన్నేళ్లుగా నాకు అదే చెబుతున్నారు. ఇదిగో రేపో మాపో అని ఒక్కసారి బుకాయించుంటే నేనూ రాయి తీసుకునేదాన్ని. మాటలతో పొద్దుపుచ్చకండి, పదండి వెతుకుదాం” అంది.

రాళ్లు కిందపడ్డాయి, టార్చిలైట్లు పైకి లేచాయి. వీధికి కొందరు చొప్పున పంచుకున్నారు. మూతపడిన గోదాములో, గడియపడిన తలుపు వెనక, గోనెసంచుల మధ్య ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన పాపను కనిపెట్టింది అబద్ధమని అరిచిన ఆయనే. ఆయన చేతిలోంచి పాపను అందుకుని, తల్లి ఒడిలో పెట్టేటప్పుడు “దొరికిందమ్మా” అనబోయిన అన్నగారు ‘దొరి’ దగ్గరే ఆగిపోయారు. అలవాటు లేని మాట కదా మరి. మేమంతా ఏడ్చాం, రాయడానికి నాకేమీ సిగ్గులేదు.

అటుపిమ్మట వారికి పదోన్నతులు వచ్చాయి, ప్రశంసాపత్రాలు వచ్చాయి, తమ్ముడివంటి నాకు మాత్రం చివాట్లే వచ్చాయి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ వెంటబెట్టుకుని, దొరకలేదని ఎలా చెప్పాలో గుమ్మం గుమ్మానికీ తిప్పి నేర్పారు.

మొన్న నన్ను వెంటబెట్టుకుని టైలరమ్మగారి ఇంటికి వెళ్లారు. ఆమె కొత్త మిషను కొనుక్కుని చాలా కాలమైంది. “అమ్మా, నెలాఖరుకు దిగిపోతున్నాను. మీ మిషను ఇంకా దొరకలేదు. ఇకమీదట ఈయన వచ్చి చెబుతాడు” అన్నారు.

ఆమె సూదిలోంచి దారం తీసి పక్కన పెట్టింది. “ఈయనెవరు? అది దొరికిందని మీ నోటితో మీరే చెప్పాలి. అప్పటిదాకా మీరు గుండ్రాయిలా ఉండాలి, అంతే” అంది.

ఆయురారోగ్యాలను కోరడానికి ఇంతకంటే మంచి మాట నాకు చేతకాదు. అందుచేత, ఈ శాఖలో ఉప్పు తింటున్నవాడినై ఉండి కూడా, ఆ కుట్టుమిషను ఎన్నటికీ దొరకకూడదని మనసారా కోరుకుంటున్నాను.