కొండ మీద పెద్ద గొడుగు

ఒసే మెర్సీ, దిగవే కిందకి! టీవీ డిష్షు గొడుగు గాలికి పక్కకి తిరిగితే తిరిగింది, ఒక్కపూట సీరియల్ చూడకపోతే ప్రాణం పోదు. ఆఁ, ఇలా కూర్చో. మీ చిన్నతాత జ్ఞానప్రకాశం గొడుగు మీదే పోయాడే. ఇంత బుల్లిది కాదు, మన చర్చి గోపురమంత ఉండేదట. మన్యంలో కొండ మీద, జీపు కూడా సగం దూరమే వెళ్ళేదట. దానికి గ్రీజు పెట్టడం, తుప్పు గీకి రంగెయ్యడం వాడి ఉద్యోగం. చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి కొండెక్కాడేంటని ఊరంతా ఒకటే వేళాకోళం. "వదినా, మీ రేడియోలో తుఫాను కబురు నా గొడుగులోంచే వస్తుంది" అనేవాడు. "అబ్బో, వాన కూడా నువ్వే కురిపిస్తున్నావేంటి" అనేదాన్ని. తెగ నవ్వేవాడు. ఏం చెబుతున్నానే?

ఆఁ, గాలి. గాలి మరీ ముదిరితే గొడుగుని ఆకాశంకేసి తిప్పి బిగించెయ్యాలంట, లేకపోతే విరిగిపోద్ది. బిగించాక ఇంక మాట రాదు, రేడియో మూగదే. మీ తాత ముసలయ్య వేటకెళ్ళిన రోజు అదే జరిగింది. కొండ మీద వాళ్ళ ఆఫీసరు ఆర్డరేశాడు, ప్రకాశం బిగించేశాడు. సముద్రంలో ఈయన రేడియో చెవికి ఆనించుకుని ఎంతసేపు చూశాడో ఏమో. శవం కూడా దొరకలేదు. పెట్టెలో ఆయన చొక్కా, లుంగీ పెట్టి సమాధి చేశాం. ఆ పెట్టె మోసింది ప్రకాశమే. మా అత్త అందరి ముందూ "అన్న చెవులు నువ్వే మూశావు కదరా" అంది. నాకు వాడి మీద కోపం లేదే, ఆ మాట వాడితో అన్నాను కూడా. వింటేగా! వెంటనే కొండకెళ్ళిపోయాడు.

మరుసటేడు మళ్ళీ తుఫాను. పొద్దున్నే మబ్బు చూసి ఒడ్డుకెళ్ళాను. మగాళ్ళేమో "రేడియోలో ఇంకా చెప్పలేదుగా" అని వలలు సర్దుతున్నారు. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే మనవాళ్ళు బోటు దించరు కదా. ఆదివారం చర్చికెళతారు, సోమవారం శకునం చూస్తారు. సరే అని తెల్లచీర కట్టుకుని బోట్లు దించే దారికి అడ్డంగా నిలబడ్డాను. "ఏంటి రత్తమ్మా, మా కొంప కూడా ముంచుతావా!" అని తిట్టారు. ఒకడు ఉమ్మేశాడు కూడా. నేను కదిలితేగా! ఒక్క బోటూ దిగలేదు. మధ్యాహ్నానికి గాలి పట్టుకుంది, ఫోను తీగలన్నీ తెగిపడ్డాయి. కొండ మీద మాట మనకి వస్తుంది గాని, మన మాట కొండకెలా వెళుతుందే?

ఆఫీసరు మళ్ళీ బిగించమన్నాడట. "బిగించనండి, మావాళ్ళు సముద్రంలో ఉన్నారండి, ఇంకాసేపు రేడియో మోగనివ్వండి" అన్నాడట ప్రకాశం. గొడుగు బ్రేకు జారిపోతుంటే చేత్తో పట్టుకుందామని ఎక్కాడట. గాలికి అది గిర్రున తిరిగి వాణ్ణి విసిరికొట్టేసింది. ఆ కొండ జీపు డ్రైవరు జానకిరామ్ గారు వచ్చి చెప్పారు. ఆయనా ఏడుస్తూనే, "మీవాళ్ళ కోసం చివరిదాకా వదల్లేదమ్మా, అందరూ ఒడ్డుకి చేరారా?" అని అడిగారు.

బోట్లన్నీ ఇసకలో కట్టేసే ఉన్నాయే. ఏం చెప్పను? చేరారండీ అన్నాను.

ఏంటలా చూస్తావు? వెళ్ళు, వెళ్ళి బియ్యం కడుగు.